వేపచెట్టు మీది పురుగు, చెనిక్కాయ చేలోని పురుగు

చిత్తూరు ప్రాంతంలోని పాకాల చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి పెరిగినవారికి వేరుపురుగు అంటే ఏమిటో విడమరిచి చెప్పవలసిన పని లేదు. శ్రావణ భాద్రపదాల్లో పచ్చగా కళకళలాడుతున్న వేరుశనగ (మా మాటలో చెనిక్కాయ) చేనులో ఉన్నట్టుండి ఒకచోట కొన్ని మొక్కలు వాడిపోయి, పట్టుకుని లాగితే ఏ ప్రతిఘటనా లేకుండా చేతిలోకి ఊడి వచ్చాయంటే, అది వేరుపురుగు పనేనని పశువులు కాసే పిల్లవాడు సైతం చెప్పగలిగేవాడు. అలాగే ముంగారు తొలివానలు పడిన సాయంత్రాల్లో వేపచెట్ల మీదికి ముసిరే గోధుమరంగు పెంకుపురుగులను చూడనివారు కూడా మా ప్రాంతంలో ఉండరు. అయితే ఈ రెండూ ఒకే ప్రాణి జీవితంలోని రెండు దశలని, దానికి శాస్త్రవేత్తలు హోలోట్రికియా రేనాడి అని పేరు పెట్టారని, పేడపురుగూ కొబ్బరి కొమ్ముపురుగూ ఏ స్కారబ్ కుటుంబానికి చెందుతాయో ఇదీ ఆ కుటుంబానిదేనని మా ఊళ్ళో చెప్పినవారు లేరు. తిరుపతిలో వ్యవసాయ కళాశాలలో చేరిన తరువాతే నాకు ఆ సంగతి తెలిసింది. నా బాల్యంలోని వానాకాలాలన్నీ ఈ పురుగుతో ముడిపడి ఉన్నాయి కనుక, దాని గురించి తెలిసినదీ గుర్తున్నదీ ఒకచోట రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా చేను ఊరికి పడమర దిక్కున, గుట్టల పాదాన ఉండేది. అది గరుసు కలిసిన ఎర్ర ఇసుక నేల. కొండరాయి అరిగి అరిగి ఏర్పడిన ఆ మట్టిలో నీరు నిలవదు; ఎంత వాన కురిసినా ఒకటి రెండు రోజుల్లో మడక కట్టడానికి వీలవుతుంది. వేరుశనగకు కావలసినది అటువంటి నేలే, ఎందుకంటే పూత అయిన తరువాత ఊడలు భూమిలోకి దిగి కాయలు కట్టాలంటే మట్టి గుల్లగా ఉండాలి. వేరుపురుగుకు ఆ నేల నచ్చడానికి కారణం కూడా అదే. తల్లిపురుగు సులువుగా తవ్వుకుని లోపలికి పోయి గుడ్లు పెట్టగలదు, పిల్లపురుగు ఒక మొక్క వేరు తినడం ముగించి పక్క మొక్క కిందికి మట్టిలోనుంచే జరిగిపోగలదు. తడిస్తే ముద్దగా మారి, ఎండితే బిగుసుకుపోయే నల్లరేగడి నేలల్లో దీని బెడద తక్కువ. మా తాత ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు. "మన మన్ను మెత్తన, అందుకే ఇన్ని పురుగులు" అని ఆయన అంటుండేవారు. నాకు పాఠంగా చెప్పినవారు అదే సంగతిని ఇంతకంటే తేటగా చెప్పలేకపోయారు.

ఏడాదిలో అధికభాగం ఈ పురుగు భూమిలోపలే గడుపుతుంది. కార్తీకం నాటికి, అంటే కాయలు పీకి కల్లానికి చేర్చే రోజులకు, బాగా ఎదిగిన పిల్లపురుగు లోతుకు దిగి మట్టితో చిన్న గది కట్టుకుని అందులో ప్యూపాగా మారుతుంది. కొన్ని వారాలకు ఆ గదిలోనే రెక్కలతో, పెంకుతో పూర్తి పెంకుపురుగుగా తయారైపోతుంది. అయినా అది బయటికి రాదు. చలికాలమంతా, ఆ తరువాత పైమట్టి కాళ్ళు కాల్చే చిత్తూరు వేసవి అంతా, ఏమీ తినకుండా ఆ చీకటిలోనే ఉండిపోతుంది. అగ్నినక్షత్రపు రోజుల్లో మేము చెప్పులు లేకుండా పరుగెత్తి దాటిన ఆ ఎర్రమట్టి కింద వేల సంఖ్యలో పురుగులు రెక్కలు ముడుచుకుని వాన కోసం ఎదురుచూస్తున్నాయన్న ఆలోచన ఇప్పటికీ నన్ను ఆశ్చర్యంలో ముంచెత్తుతుంది.

ఆ వాన మాకు మే నెల చివరనో, జూన్ మొదటి పక్షంలోనో వచ్చేది. చిరుజల్లు పడితే అవి కదలవు. మట్టి లోపలిదాకా తడవాలి. దుక్కికి సరిపడే వాన పడిందంటే, ఆ రోజో మరునాడో పొద్దుగూకిన తరువాత అవి పైకి వస్తాయి. మా తాత మడక దున్నడానికి అదనైందో లేదో చూడటానికి మట్టిని పిడికిట పట్టి చూసేవారు కాని, సాయంత్రం వేపచెట్టు మీద పురుగు వాలిందా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకునేవారు. పురుగు వాలిందంటే తడి లోతుకు దిగిందని అర్థం.

మా చేని గట్టున పెద్ద వేపచెట్టు ఒకటి ఉండేది. పొద్దుగూకి, మనిషి ముఖం మసకగా కనిపించే వేళకు చెట్టు చుట్టూ సన్నని రొద మొదలయ్యేది. నేల మీద అక్కడక్కడ మట్టి కదిలి, చిన్న బొరియ ఏర్పడి, అందులోనుంచి తల బయటపెట్టిన పురుగు ఒక్క క్షణం ఆగి, పెంకులు విప్పి, బరువుగా పైకి లేచేది. కొన్ని నేరుగా చెట్టు చేరలేక మా భుజాలకు, లాంతరు గాజుకు తగిలి కిందపడేవి. చొక్కాకు పట్టుకున్న పురుగును లాగితే దారం కూడా దానితో లేచి వచ్చేది, దాని కాళ్ళ చివర కొక్కేలు అంత వాడిగా ఉండేవి. చీకటి చిక్కబడ్డాక రెక్కల రొద తగ్గి, దానికి బదులు ఆకులు కొరుకుతున్న సన్నని చప్పుడు చెట్టంతా వినిపించేది. తెల్లవారి చూస్తే కొమ్మల చివర ఆకుల్లో ఈనెలు మాత్రమే మిగిలి ఉండేవి, పురుగు ఒక్కటి కూడా కనబడేది కాదు, ఎందుకంటే అవి వేకువజామునే మళ్ళీ మట్టిలోకి వెళ్ళిపోయేవి.

దగ్గరగా చూస్తే అది అందమైన పురుగు. పరిమాణంలోనూ రంగులోనూ, ఆ మెరుపులోనూ అది చింతగింజను తలపిస్తుంది. వీపు మీది పెంకుల మీద సూదితో గుచ్చినట్టు కనబడే సన్నని గుంటలు ఉంటాయి. పొట్టవైపు రొమ్ము భాగాన లేత పసుపురంగు నూగు వెంట్రుకలు ఉంటాయి. అన్నిటికంటే నన్ను కట్టిపడేసినవి దాని మీసాలు. అరచేతిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంటే, ముడుచుకున్న పురుగు కాసేపటికి ధైర్యం తెచ్చుకుని తల చాస్తుంది. అప్పుడు ఒక్కొక్క మీసం చివర ఒకదానిమీద ఒకటి అతుక్కుని ఉన్న మూడు పలుచని రేకులు మెల్లగా విడివడి విచ్చుకుంటాయి. గాలిని వాసన చూసి, మళ్ళీ ముడుచుకుంటాయి. స్కారబ్ కుటుంబమంతటికీ గుర్తు ఈ రేకుల మీసాలే. లాంతరు వెలుగులో ఆ రేకులు తెరుచుకోవడం చూడటానికి నేను చేయి తిమ్మిరెక్కేవరకు కూర్చునేవాణ్ణి. అవ్వ ఇంట్లోనుంచి "అన్నం చల్లారిపోతాంది, రారా నాయనా" అని కేకలేస్తూనే ఉండేది.

ఆ రేకులు దేనికోసం తెరుచుకుంటాయో చాలా ఏళ్ళ తరువాత చదివాను. సాయంత్రం చెట్టు చేరిన ఆడపురుగు పొట్ట చివరి గ్రంథినుంచి ఒక వాసన వెలువరిస్తుంది, మగపురుగులు ఆ వాసనను పట్టుకుని వస్తాయి. 2002లో ప్రచురితమైన పరిశోధనలో ఆ వాసన అనిసోల్ అనే పదార్థానిదని తేలింది. రాజస్థాన్ ప్రాంతపు వేరుశనగకు శత్రువైన హోలోట్రికియా కాన్సాంగ్వీనియా అనే దీని దాయాది కూడా ఇదే పదార్థంతో మగపురుగులను పిలుచుకుంటుందని అంతకుముందే కనిపెట్టారు. అక్కడి రైతులకు అనిసోల్‌లో ముంచిన స్పాంజి ముక్కలను చెట్లకు వేలాడదీసి, అక్కడికి చేరిన పురుగులను పట్టి చంపమని సలహా ఇస్తారు. ఎంతో దూరంలో, ఎడారి అంచున ఉన్న నేలలోని పురుగూ మా పాకాల గుట్టల కింది పురుగూ ఒకే వాసనతో జంటను వెతుక్కోవడం నాకు చాలా నచ్చిన విషయం.

అంతకంటే ఆశ్చర్యం కలిగించేది అది వేపాకు తినడం. మా ఇళ్ళలో ధాన్యం గాదెల్లో, పప్పు కుండల్లో పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసేవారు. వేపగింజల కషాయం చేలకు పురుగుమందుగా పనిచేస్తుంది. గింజల్లో ఎక్కువగా ఉండే అజాడిరక్టిన్ ఎన్నో రకాల కీటకాలను తిండి మాన్పించి, వాటి ఎదుగుదలను చెడగొడుతుంది. అటువంటి చెట్టు మీదికే ఈ పురుగు ఏరికోరి వచ్చి, రాత్రంతా ఆ చేదు ఆకు తిని, ఆరోగ్యంగా వెళ్ళి గుడ్లు పెడుతుంది. వేప దొరకని చోట రేగు, తుమ్మ, మునగ చెట్ల మీద కూడా వాలుతుంది కాని, మా ఊళ్ళో దాని మొదటి ఎంపిక ఎప్పుడూ వేపే.

చెట్టు కింద మా పని పురుగులను ఏరడం. గోనెసంచులు, పాత దుప్పట్లు కిందపరిచి, నాయన పొడుగాటి కొంకికర్రతో కొమ్మలను పట్టి బలంగా ఊపితే పురుగులు టపటపా రాలేవి. రాలినవి వెంటనే పారిపోవు; కాళ్ళు ముడుచుకుని కొంతసేపు అలాగే పడి ఉంటాయి. ఆ కొంతసేపే మాకు అదను. "ఒరే అబ్బోడా, దీపం కిందికి దించు, పురుగులు మొగాన పడతాయి" అని తాత హెచ్చరిస్తూ ఉండగా, పిల్లలందరం దోసిళ్ళతో ఎత్తి, కిరసనాయిలు కలిపిన నీళ్ళ బక్కెట్లో వేసేవాళ్ళం. లాంతరు వెలుగు అంచున బోదురుకప్పలు వచ్చి కూర్చుని, మా చేతికి చిక్కనివాటిని మింగేవి. వాన పడిన తొలి రోజుల్లోనే ఈ పని చేయాలి. ఆడపురుగులు గుడ్లు పెట్టిన తరువాత ఎంత ఊపినా ప్రయోజనం లేదు. ఒక్క ఇంటివారు ఊపితే చాలదు కూడా, ఎందుకంటే పక్కచేని చెట్టు మీది పురుగు రాత్రికి రాత్రే గట్టు దాటి వస్తుంది. అందుకని ఆ సాయంత్రాల్లో ఊరి చుట్టూ ఉన్న వేపచెట్లన్నిటి కిందా దీపాలు కదులుతూ కనిపించేవి.

గుడ్లు జానెడులోపు లోతున, తడిమట్టిలో ఉంటాయి. మొదట సన్నగా, పొడుగ్గా ఉండే తెల్లని గుడ్డు మట్టిలోని తేమను పీల్చుకుని ఉబ్బి గుండ్రంగా మారుతుంది. వారం పది రోజుల్లో పిల్లపురుగు బయటపడుతుంది. తొలి దశలో అది మట్టిలోని కుళ్ళిన ఆకులలములతో, వేరు పీచులతో సరిపెట్టుకుంటుంది. రెండుసార్లు పొర విడిచి మూడో దశకు చేరాక దాని ఆకలికి అంతుండదు, తల్లివేరునే కొరికేస్తుంది. మొక్క వాడిన చోట పారతో ఒక పెళ్ళ ఎత్తి చూస్తే, అర్ధచంద్రాకారంలో వంగి, పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉండేది. తల ముదురు గోధుమరంగు, దవడలు నల్లన, ఒళ్ళంతా పాలతెలుపు. ముందువైపు మూడు జతల కాళ్ళు, రెండు పక్కలా వరసగా ఊపిరి తీసుకునే గోధుమరంగు చుక్కలు, తోకవైపు చర్మం పలుచగా ఉండి తిన్న మట్టి లోపల బూడిదరంగులో కనబడుతుంది. దాన్ని చూసిన ప్రతిసారీ నాయన ముఖంలో కనిపించిన దిగులు నేను మరచిపోలేను. వర్షం మీద ఆధారపడిన ఆ ఒక్క పంట మీదే ఇంట్లో పెళ్ళి, బడి ఫీజు, బాకీ అన్నీ ఆధారపడి ఉండేవి. మొక్క వాడిన తరువాత దానికి మందు లేదు. బతికి ఉన్న పక్క మొక్కలను కాపాడుకోవడమే చేయగలిగినది.

ఆ రోజుల్లో విత్తనం వేసేముందు మట్టిలో బి.హెచ్.సి. అనే పురుగుమందు పొడి చల్లేవారు. దాని ఘాటువాసన చేతులను రోజుల తరబడి వదిలేది కాదు. దాని విషం మట్టిలో ఏళ్ళ తరబడి నిలిచి, గడ్డిలోకీ పాలలోకీ చేరుతుందని తెలిసిన తరువాత 1997లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మా తాతకు ఆ పొడి మీద ఎన్నడూ నమ్మకం కలగలేదు. ఆయన నమ్మినది వేసవి దుక్కి. వైశాఖంలో ఒక జల్లు పడగానే లోతుగా దున్నితే, మట్టిగదుల్లో దాగిన పురుగులు పైకి తేలి ఎండకు మాడిపోయేవి. మడక వెనకాలే కొంగలు, గోరువంకలు, కాకులు బారులు తీరి నడుస్తూ మిగిలినవాటిని ఏరుకు తినేవి. నేను ఈ రంగంలో చదివినవాటన్నిటిలో, తాత వేసవి దుక్కినీ ఊరంతా కలిసి చెట్లు దులపడాన్నీ మించిన ఉపాయం నాకు కనబడలేదని నమ్మకంగా చెప్పగలను.

గట్టు మీది వేపచెట్టు విషయంలో మాత్రం మా ఇంట్లో ఏటా వాదన జరిగేది. చెట్టు చుట్టూ ఉన్న భాగంలో పంట ఎప్పుడూ పలచగా ఉండేది. చెట్టు నీడ పడుతోందని, దాని వేళ్ళు సారం లాగేస్తున్నాయని, కొట్టిస్తే కనీసం మరో సంచి కాయలు వస్తాయని చిన్నాయన అనేవారు. తాత ఒప్పుకునేవారు కాదు. నీడ మాట కొంతవరకు నిజమే కాని, అసలు కారణం నాకు కళాశాల ప్రయోగశాలలో తెలిసింది: రాత్రి చెట్టు మీద మేసిన ఆడపురుగులు తెల్లవారేసరికి దూరం పోకుండా ఆ దాపునే మట్టిలోకి దిగి గుడ్లు పెడతాయి కనుక, ఆశ్రయమిచ్చిన చెట్టుకు దగ్గరగా ఉన్న పంటకే దెబ్బ ఎక్కువ తగులుతుంది. సెలవులకు ఊరికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు చిన్నాయన ఉత్సాహంగా "అయితే కొట్టించేదే మేలు కదా" అన్నారు. తాత కాసేపు ఆలోచించి, "చెట్టు ఉంటే అన్నీ ఒక్కచోటికొస్తాయి, మనం దులుపుకుంటాం. చెట్టు లేకుంటే ఏడికి పోతాయో నీకు తెలుసునా?" అన్నారు. ఎర చెట్టు అనే ఆలోచన ఆధునిక సస్యరక్షణలో ఎంత గౌరవం పొందిందో తెలిసిన నాకు ఆయన మాటకు బదులు చెప్పాలనిపించలేదు.

కళాశాలలో కీటకాల పెట్టెల ముందు నిలబడినప్పుడే ఈ పురుగుకు సొంత పేరు ఉందని తెలిసింది. దీని బంధువర్గం చాలా పెద్దది. మా జిల్లాలోనే బెల్లం గానుగల దాపున, చెరకు తోటల్లో కనిపించే హోలోట్రికియా సెర్రాటా దీనికంటే పెద్దది, చెరకు వేళ్ళను తింటుంది. ఒకదానికొకటి ఎంతగా పోలి ఉంటాయంటే, పైరూపం చూసి పేరు చెప్పబోయి అనుభవజ్ఞులు సైతం ఆగిపోతారు. మగపురుగు జననాంగపు ఆకారాన్ని భూతద్దం కింద చూసి నిర్ధారించుకుంటారు. దక్షిణ భారతంలోని వేరుశనగ చేలల్లో పటాన్‌చెరులోని మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు కలిసి మట్టి తవ్వి వేరుపురుగులను పరిశీలించినప్పుడు, దక్కను పీఠభూమి నడిబొడ్డు చేలల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికింది ఈ రేనాడి జాతే. అంతవరకు వేరుపురుగుల గురించి మన దేశంలో జరిగిన పనిలో చాలాభాగం ఉత్తరాది జాతి మీద జరిగినదే. మన నేలలోని పురుగు దాని నీడలో ఉండిపోయింది.

దీన్ని కేవలం చీడపురుగుగా చూడటానికి నా మనసు ఒప్పుకోదు. వేరుశనగ మన నేల మొక్క కాదు, దక్షిణ అమెరికానుంచి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అది విస్తారంగా సాగులోకి వచ్చింది 19వ శతాబ్దంలో. మా పాత చిత్తూరు జిల్లా అప్పటికి ఇంకా ఏర్పడలేదు, 1911లో గాని ఏర్పడలేదు. ఆ పంట రాకముందు కూడా ఈ ఎర్రనేలలో వేప, రేగు, తుమ్మ ఉన్నాయి, గుట్టల కింద గడ్డి ఉంది, తొలివానకు మట్టి చీల్చుకుని వచ్చే ఈ పురుగూ ఉంది. గడ్డివేళ్ళు తిని బతికిన ప్రాణికి మనం మైళ్ళ తరబడి మెత్తని వేళ్ళను వరసగా నాటి పెట్టాము. నష్టపోయిన రైతు కొడుకుగా నేను ఆ నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడలేను; అయినా ఈ నేల మీద దానికి మనకంటే పాత హక్కు ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు మా ఊరి చుట్టూ చెనిక్కాయ చేలు బాగా తగ్గిపోయాయి. కూలీలు దొరకక, వానలు కుదరక, అడవిపందుల బెడద తాళలేక ఒక్కొక్కరే మామిడికి మళ్ళారు. రోడ్డుకు దగ్గరగా ఉన్న పొలాల్లో రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. మా చేనులో తమ్ముడు తోతాపురి మొక్కలు నాటి, అవి కాపుకు వచ్చి చాలాకాలమైంది. గట్టు మీది వేపచెట్టు అలాగే ఉంది. ఒక వానాకాలం చివర, చెట్లమధ్య దున్నకుండా వదిలేసిన గడ్డిలో పారతో మట్టి ఎత్తి చూస్తే, చిన్నప్పుడు చూసిన ఆ తెల్లని పురుగులు గడ్డివేళ్ళ మధ్య పలచగా కనిపించాయి. కొన్నిటిని అదే మట్టితో, గడ్డితో సహా కుండీలోకి మార్చి తిరుపతిలోని మా ఇంటి మేడమీద పెట్టుకున్నాను. మరుసటి ముంగారులో కుండీ బాగా తడిపిన సాయంత్రం పెంకుపురుగులు బయటికి వచ్చాయి. భూతద్దం కింద పరీక్షించి చూశాను. అవి రేనాడి జాతివే.

తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, "మామిడికి ఏమైనా నష్టమా అన్నా?" అని మొదట అడిగాడు. ఎదిగిన మామిడి వేళ్ళను అవి ఏమీ చేయలేవని, గడ్డి ఉన్నంతవరకు వాటి తిండికి కొరత లేదని చెప్పాను. అయితే ఉండనీ అన్నాడు.